పదో తరగతి త్రికోణమితి నుంచి లేత్ మిషన్ దాకా: ఒక ఉన్నత పాఠశాల, ఒక పాలిటెక్నిక్ కలిసి చేసిన పని

పాలిటెక్నిక్‌లో కొత్తగా చేరిన మెకానికల్ విద్యార్థులకు మొదటిసారి లేత్ మిషన్, అంటే లోహపు కడ్డీని తిప్పుతూ చెక్కే యంత్రం, చూపించిన రోజున నేను ప్రతి ఏడాదీ ఒకే లెక్క ఇస్తాను. ఒక చివర 40 మిల్లీమీటర్లు, రెండో చివర 30 మిల్లీమీటర్ల వ్యాసం ఉండేలా, 60 మిల్లీమీటర్ల పొడవున ఒక కడ్డీకి టేపర్, అంటే సన్నబడుతూ పోయే వాలు, తీయాలంటే కోత పనిముట్టును పట్టి ఉంచే కాంపౌండ్ రెస్ట్‌ను ఎన్ని డిగ్రీలకు తిప్పి బిగించాలన్నది ఆ లెక్క. వ్యాసాల తేడా 10, పొడవుకు రెట్టింపు 120, ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే 0.0833 వస్తుంది. ఏ కోణానికి టాన్ విలువ 0.0833 అవుతుందో చూస్తే 4 డిగ్రీల 46 నిమిషాలు. పదో తరగతి గణితంలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా 0.0833 దగ్గరికి వచ్చి ఆగిపోతారు. టాన్ 30 ఎంత అని నిద్రలో లేపి అడిగినా చెప్పగల పిల్లలే వీళ్లు. అయితే పదో తరగతిలో వాళ్లు చూసినవి 0, 30, 45, 60, 90 అనే ఐదు కోణాలు మాత్రమే. ఆ ఐదింటి మధ్య కూడా కోణాలు ఉంటాయని, వాటి విలువలను పట్టికలోనో కాలిక్యులేటర్‌లోనో వెతుక్కోవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పదో తరగతి పుస్తకం అక్కడితో ముగుస్తుంది. డిప్లొమా పుస్తకమేమో అది వాళ్లకు వచ్చునన్న నమ్మకంతో మొదలవుతుంది.

చాలా ఏళ్లు నేను దీన్ని పిల్లల బలహీనతగానే చూశాను. హైదరాబాద్‌లో ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ విభాగంలో పాఠాలు చెబుతున్న నేను, బాలానగర్ పారిశ్రామిక ప్రాంతానికి దగ్గర్లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులతో కలిసి మూడు విద్యా సంవత్సరాలు పనిచేశాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. ఆ మూడేళ్లలో ఏం చేశామో, ఎక్కడ పొరబడ్డామో, ఏది నిలబడిందో, ఇలాంటి ప్రయత్నం చేయాలనుకునే తోటి ఉపాధ్యాయుల కోసం రాస్తున్నాను. రెండు సంస్థల పేర్లనూ, పిల్లల పేర్లనూ కావాలనే వదిలేశాను.

పదో తరగతి తర్వాత ఉన్న దారులు

పదో తరగతి పాసైన విద్యార్థికి తెలంగాణలో సాంకేతిక చదువు వైపు వెళ్లడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమాలో చేరవచ్చు, ఐటీఐలో ఒక ట్రేడ్ నేర్చుకోవచ్చు, ఇంటర్మీడియట్‌లో ఒకేషనల్ కోర్సు తీసుకోవచ్చు. ఇంజినీరింగ్ డిప్లొమాలకు పాలిసెట్ 120 మార్కుల పరీక్ష. అందులో గణితానికి 60, భౌతిక శాస్త్రానికి 30, రసాయన శాస్త్రానికి 30 మార్కులు ఉంటాయి. ప్రశ్నలన్నీ పదో తరగతి స్థాయిలోనే వస్తాయి. ఈ దారుల్లో ఏదీ మధ్యలో మూసుకుపోదన్న సంగతి తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. రెండేళ్ల ఐటీఐ చేసినవారు ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లొమా పూర్తిచేసినవారు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. ఒకేషనల్ ఇంటర్ చదివినవారు బ్రిడ్జి కోర్సు పూర్తిచేసి పైచదువులకు దరఖాస్తు చేసుకోవచ్చు. మా ప్రాంతంలోనే బాలానగర్‌లో 1968లో నెలకొల్పిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, వాడుకలో సీఐటీడీ అనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. అక్కడ పదో తరగతి తర్వాతే టూల్, డై, మోల్డ్ తయారీలో నాలుగేళ్ల డిప్లొమా చేయవచ్చు. మేం పనిచేసిన బడి పిల్లల్లో చాలామంది ఆ సంస్థ గేటు ముందు నుంచి రోజూ నడిచి వెళ్లేవారు. లోపల ఏం చెబుతారో వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

బడికీ సాంకేతిక కళాశాలకూ మధ్య ఇలాంటి ఎడం మన దగ్గరే ఉన్నదని కాదు. అమెరికాలో వృత్తి విద్యకు నిధులిచ్చే 1990 నాటి పెర్కిన్స్ చట్టం కింద టెక్ ప్రెప్ అనే కార్యక్రమం మొదలైంది. హైస్కూలు చివరి రెండేళ్లనూ, కమ్యూనిటీ కాలేజీ రెండేళ్లనూ కలిపి ఒకే పాఠ్యక్రమంగా చూడటం, బడిలో నేర్చుకున్న సాంకేతిక పాఠాన్ని కాలేజీ మళ్లీ చెప్పకుండా క్రెడిట్‌గా లెక్కించేలా రెండు సంస్థల మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండటం దాని మూలసూత్రాలు. దానికి ప్రత్యేకంగా ఇచ్చే నిధులు 2011లో ఆగిపోయాయి. మన చట్టాలు వేరు, మన బడులు వేరు కాబట్టి దాన్ని ఇక్కడికి ఎత్తుకు రావాలన్న ఆలోచన మాకు ఏనాడూ లేదు. కాని ఆ నమూనాలోని ఒక అంశం నన్ను పట్టుకుంది. బడి ఉపాధ్యాయుడూ కాలేజీ అధ్యాపకుడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకరి సిలబస్‌ను మరొకరు చదవాలి. నేను అప్పటికి పద్నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, కాని ఒక్కసారి కూడా పదో తరగతి గణిత పుస్తకం తెరిచి చూడలేదు.

మొదటి ఏడాది చేసిన పొరపాటు

మొదటి సంవత్సరం మేం అందరూ చేసేదే చేశాం. జనవరిలో బడికి వెళ్లి పదో తరగతి పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టి డిప్లొమా గురించి గంటసేపు ఉపన్యసించాం, కరపత్రాలు పంచాం. ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుడిని అడిగి మార్కుల్లో ముందున్న పది మందిని ఎంపిక చేసి, ఒక రోజంతా మా వర్క్‌షాప్‌లు, ల్యాబులు తిప్పి చూపించాం. పిల్లలు ఎంతో శ్రద్ధగా చూశారు, తిరిగి వెళ్తూ ధన్యవాదాలు చెప్పారు. జూన్‌లో కౌన్సెలింగ్ ముగిసేసరికి ఆ పది మందిలో డిప్లొమాలో చేరింది ఒక్కరే.

కారణం వెతకడానికి ఎక్కువ దూరం వెళ్లనక్కర్లేదు. మార్కుల్లో ముందుండే పిల్లల ఇళ్లకు ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు సంక్రాంతికి ముందే వస్తారు. ఫీజు తగ్గిస్తామంటారు, హాస్టల్ ఇస్తామంటారు, పరీక్షలు పూర్తికాకముందే సీటు ఖాయం చేస్తారు. ఆ పిల్లలకు ఇంటర్‌లో ఎంపీసీ చదవడం తప్పేమీ కాదు. వాళ్లకు అప్పటికే దారి ఉంది, మా అవసరం వాళ్లకు లేదు. మేం పట్టించుకోవలసింది తరగతిలో మధ్యన కూర్చునేవారిని. యాభై నుంచి డెబ్బై మార్కుల మధ్య తిరుగుతూ, ఉపాధ్యాయుడి కంట పడేంత అల్లరీ చేయక, పొగిడించుకునేంత మార్కులూ తెచ్చుకోక, పదో తరగతి తర్వాత ఏ స్నేహితుడు ఎటు వెళ్తే అటు వెళ్లే పిల్లలు వీళ్లు. మొదటి ఏడాది మా జాబితాలో వీళ్లలో ఒక్కరి పేరు కూడా లేదు. ఆ జాబితాను తయారుచేసింది నేనే.

గంటసేపు ఉపన్యాసం ఇచ్చి వెనక్కి వచ్చే కెరీర్ గైడెన్స్ సభల మీద నాకు ఆ ఏడాదితో నమ్మకం పోయింది. సమాచారం అందకపోవడం కూడా ఒక సమస్యే, కాని అది చిన్నది. ఇక్కడ నేర్చుకున్నదానికీ అక్కడ నేర్చుకోబోయేదానికీ మధ్య పిల్లవాడికి ఏ సంబంధమూ కనబడకపోవడమే పెద్ద సమస్య. పాఠాలు చెప్పే మాకే కనబడని సంబంధం వాడికి ఎలా కనబడుతుంది?

రెండు పుస్తకాలు పక్కపక్కన

రెండో సంవత్సరం ఆగస్టులో ఆ బడి గణితం మేడమ్, భౌతిక శాస్త్రం సార్, మా వైపు నుంచి నేనూ, గణితం చెప్పే మా సహోద్యోగి ఒకరూ వరుసగా నాలుగు శనివారాలు మధ్యాహ్నం బడి స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నాం. పదో తరగతి గణితం, భౌతిక శాస్త్రం పుస్తకాలు ఒక పక్కన, డిప్లొమా మొదటి సంవత్సరం పుస్తకాలు, వర్క్‌షాప్ మాన్యువల్, పాత ప్రశ్నపత్రాలు మరో పక్కన పెట్టుకుని పాఠం పాఠం చదివాం. ఈ మూడేళ్లలో మేం చేసిన పనులన్నిటిలోనూ ఎక్కువ ఫలితం ఇచ్చినది ఆ నాలుగు మధ్యాహ్నాలేనని నా నిశ్చితాభిప్రాయం. దానికి టీ ఖర్చు తప్ప మరేమీ కాలేదు.

మొదట బయటపడింది పైన చెప్పిన త్రికోణమితి సంగతి. త్రికోణమితి అనువర్తనాల పాఠంలో గోపురాలు, దీపస్తంభాలు, గాలిపటాలు ఉంటాయి, అన్నింటికీ 30 లేదా 45 లేదా 60 డిగ్రీల కోణమే ఉంటుంది. మేడమ్ ఆ పాఠాన్ని ఇరవై ఏళ్లుగా ఎంతో చక్కగా చెబుతున్నారు. నేను టేపర్ లెక్క చూపించినప్పుడు ఆమె చాలాసేపు దాన్ని చూస్తూ ఉండి, "ఇది మా పాఠమే కదా సార్, ఇంకొక్క అడుగు వేస్తే చాలు" అన్నారు. ఆ ఒక్క అడుగు సిలబస్‌లో లేదు, పరీక్షలో రాదు. అయినా ఒక పీరియడ్‌లో చెప్పగలిగినది. ఆమె ఆ ఏడాది నుంచి టాన్ విలువల పట్టికను చార్టు మీద రాయించి తరగతి గోడకు పెట్టారు.

రెండోది మాటల సమస్య. ఈ బడి పిల్లల్లో ఎక్కువమంది చిన్న తరగతులు తెలుగు మీడియంలో చదివినవారు. స్పర్శరేఖ, ఛేదనరేఖ, లంబం, కర్ణం అన్న మాటలు వాళ్లకు బాగా తెలుసు. మా తరగతిలో టాంజెంట్, సీకెంట్, పర్పెండిక్యులర్, హైపోటెన్యూస్ అని వినబడేసరికి తెలిసిన విషయమే తెలియనిదైపోతుంది. పైగా టాంజెంట్ అన్న మాట ఒకచోట స్పర్శరేఖ, మరోచోట త్రికోణమితి నిష్పత్తి కావడంతో ఇంకా తికమకపడతారు. మేం నలుగురం కలిసి నూట ఇరవై మాటలతో ఒక చిన్న పట్టిక తయారుచేశాం. ఒక వైపు బడి మాట, మధ్యలో డిప్లొమా తరగతి మాట, మూడో వైపు బాలానగర్ షెడ్లలో పనివాళ్లు వాడే మాట రాశాం. ఆ మూడో వరుస చేర్చుదామన్నది భౌతిక శాస్త్రం సార్ సలహా. అది ఎంత విలువైనదో తర్వాత తెలిసింది.

మూడోది డ్రాయింగ్. భారతీయ ప్రమాణాల సంస్థ ఇంజినీరింగ్ డ్రాయింగ్ కోసం ఇచ్చిన మార్గదర్శక గ్రంథం ఎస్‌పీ 46 పేరులోనే పాఠశాలలు, కళాశాలలు అన్న రెండు మాటలూ ఉన్నాయి. ఈ బడిలో మాత్రం ఒక వస్తువును ముందు నుంచి, పైనుంచి, పక్క నుంచి చూస్తే ఎలా కనబడుతుందో గీయడం పిల్లలకు ఏ తరగతిలోనూ ఎదురు కాలేదు. డిప్లొమాలో చేరిన మూడో వారానికే వాళ్ల ముందు డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టర్, ఏ2 షీటు ఉంటాయి. మొదటి సెమిస్టర్‌లో ఎక్కువమంది భయపడేది గణితానికని బయటివారు అనుకుంటారు. నా అనుభవంలో గణితంతో సమానంగా డ్రాయింగ్ కూడా పిల్లలను వెనక్కి నెడుతుంది.

బెంచ్ వైస్ దగ్గర

ఆ ఏడాది ఇరవై నాలుగు మందిని తీసుకున్నాం. మార్కుల జాబితా అడగలేదు. ఆసక్తి ఉన్నవారు తల్లిదండ్రుల సంతకంతో రావచ్చని చెప్పాం, మధ్య బెంచీల పిల్లలతో మేడమ్ స్వయంగా మాట్లాడారు. అక్టోబరు నుంచి జనవరి దాకా నెలకు రెండు శనివారాలు మా వర్క్‌షాప్‌లో మూడు గంటలు గడిపారు. కరెంటుతో నడిచే మిషన్‌ను ఒక్కరి చేత కూడా ముట్టించలేదు. చూడటానికి లేత్, చేయడానికి ఇనుమును అరగదీసే ఆకురాయి, రంపం, లంబకోణం సరిచూసే మూలమట్టం, పంచి, సన్నని కొలతలు తీసే వెర్నియర్ మాత్రమే. చెప్పులతో వచ్చినవారిని లోపలికి రానివ్వలేదు, బూట్లు లేని ఆరుగురికి మా సహోద్యోగులే కొనిచ్చారు.

మొదటి పని 50 మిల్లీమీటర్ల చదరపు ఇనుప పలకను బెంచ్ వైస్‌లో, అంటే బల్లకు అమర్చిన పట్టులో, బిగించి నాలుగు వైపులా ఆకురాయితో సమంగా అరగదీయడం. కొత్తచేయి ఆకురాయిని ముందుకు తోసేటప్పుడు ఊయలలా ఊగుతుంది, దాంతో అంచు చదునుగా రాకుండా మధ్యలో ఉబ్బుతుంది. పలకకు మూలమట్టాన్ని ఆనించి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రెండు చివర్లా సన్నని వెలుగు గీతలు కనబడతాయి. ఇరవై నాలుగు పలకల్లోనూ ఆ గీతలు కనబడ్డాయి. లంబకోణం అంటే 90 డిగ్రీలని రాసుకున్న పిల్లలు, తమ చేతిలోని కోణం 90 కాదని కంటితో చూసింది అప్పుడే. ఒక అబ్బాయి మూడు శనివారాలు అదే పలకతో కుస్తీపట్టి వెలుగు రాకుండా చేశాడు. అప్పటికి అతని పలక 50 నుంచి 46 మిల్లీమీటర్లకు అరిగింది. అంచు చదునైంది, కొలత పోయింది. రెండూ ఒకేసారి నిలబెట్టుకోవాలన్న సంగతి నేను పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా అంత బాగా ఎక్కదు.

రెండో శనివారం జరిగిన ఇంకొక సంగతి చెప్పాలి. మెరుగు పెట్టిన ఒక కడ్డీని బల్ల మీద పెట్టి దీని వ్యాసం ఎంత ఉంటుందని అడిగాను. అందరూ స్కేళ్ల కోసం వెతుకుతుంటే ఒక అమ్మాయి దాన్ని రెండు వేళ్ల మధ్య తిప్పి చూసి, "మూడు సూత్‌లు సార్" అంది. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. వాళ్ల నాన్న బాలానగర్‌లో ఒక షెడ్డులో లేత్ మీద పనిచేస్తాడు. రోజూ బడి వదిలాక ఆయనకు టీ తీసుకువెళ్లే ఆ అమ్మాయికి ఆ కొలతలు చేతివేళ్లకే తెలుసు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కాబట్టి మూడు సూత్‌లు ఎంతవుతుందో లెక్క కట్టమన్నాను. 9.525 అని బోర్డు మీద రాసింది. వెర్నియర్‌తో కొలిస్తే 9.50 వచ్చింది. తప్పు తనదేనేమోనని మళ్లీ రెండుసార్లు కొలిచింది, అప్పుడూ 9.50 వచ్చింది. "మిగతా 0.025 ఎటు పోయింది సార్?" అని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగా ఆ రోజు గంటంబావు గడిచింది. మా వెర్నియర్‌లో 49 మిల్లీమీటర్లను 50 భాగాలు చేశారు కాబట్టి అది 0.02 కన్నా చిన్న తేడాను చూపలేదని మొదట చూశాం. 0.01 చూపే మైక్రోమీటర్ తెచ్చి కొలిచాం. తేడా తగ్గింది కాని పూర్తిగా పోలేదు. అప్పుడు, కడ్డీ తయారుచేసినవాడికి కూడా ఇంతలోపు తక్కువ ఉండవచ్చన్న ఒక హద్దు ఉంటుందని, దాన్నే టాలరెన్స్ అంటారని చెప్పాను. పరికరం చూపలేని తేడా, వస్తువులోనే ఉన్న తేడా వేరువేరని ఆ పిల్లలకు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల కడ్డీ మీద తెలిసింది. డిప్లొమాలో ఇది చాలా తర్వాత వచ్చే పాఠం. ఆ అమ్మాయి దాని దగ్గరికి సూత్ నుంచి వచ్చింది. మా పట్టికలోని మూడో వరుసకు, అంటే ఇంట్లో, షెడ్డులో వినే మాటలకు, అప్పటినుంచి అందరికన్నా ఎక్కువ గౌరవం ఇవ్వడం మొదలుపెట్టాం.

తల్లిదండ్రులు

ఆ అమ్మాయి మెకానికల్ డిప్లొమాలో చేరతానంటే మొదట వద్దన్నది లేత్ మీద పనిచేసే తండ్రే. ఆయన్ను కలవడానికి నేనూ మేడమ్ షెడ్డుకు వెళ్లాం. "ఇరవై రెండేండ్లాయె సార్ గీ మిషన్ మీద. నా బిడ్డ గూడ గీ ఆయిల్ల నిలబడాల్నా?" అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. అన్నా, ఒకసారి వచ్చి చూడు, ఆ తర్వాత నువ్వు ఎట్ల చెబితే అట్ల అన్నాను. ఫిబ్రవరి మొదటి ఆదివారం తల్లిదండ్రులను మా ప్రాంగణానికి పిలిచాం. వచ్చిన పదిహేడు కుటుంబాల్లో తల్లులే ఎక్కువ. వాళ్లకు ల్యాబుల కన్నా ముందు అమ్మాయిల వెయిటింగ్ రూమ్, మరుగుదొడ్లు, బస్ స్టాప్ ఎంత దూరమో చూపించమని మేడమ్ పట్టుబట్టారు. నాకు తోచని సంగతి అది. ఆ తండ్రి కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మా సీఎన్‌సీ మిషన్ ముందు అరగంట నిలబడ్డాడు. ప్రోగ్రామ్ ఎవరు రాస్తారని, కొలత తప్పితే ఎవరు సరిచేస్తారని అడిగాడు. మే నెలలో పాలిసెట్ ఫలితాలు వచ్చాక తనే స్లాట్ బుక్ చేయించి, కూతుర్ని వెంటబెట్టుకుని హెల్ప్‌లైన్ సెంటర్‌కు తీసుకువెళ్లాడు.

ధ్రువపత్రాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ర్యాంకు వచ్చి కూడా సీటు పోగొట్టుకునే పిల్లలు ప్రతి ఏడాదీ కనబడతారు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, గతంలో చదివిన బడుల నుంచి బోనఫైడ్‌లు సమయానికి చేతికి రాకపోవడమే అందుకు ఎక్కువగా కారణం. పనుల కోసం బస్తీలు మారే కుటుంబాల పిల్లలు మూడు నాలుగు బడుల్లో చదివి ఉంటారు. మేం ఫిబ్రవరి సమావేశంలోనే ఒక్కో కుటుంబంతో కూర్చుని ఏ కాగితం ఎక్కడినుంచి తేవాలో రాసిచ్చాం. మీసేవ పనులు ఏప్రిల్‌కల్లా పూర్తయ్యాయి.

చేరిన తర్వాత

ఇరవై నాలుగు మందిలో పదిహేను మంది పాలిసెట్ రాశారు. తొమ్మిది మంది డిప్లొమాలో, నలుగురు ఐటీఐలో చేరారు, మిగతావారు ఇంటర్‌కు వెళ్లారు. ఐటీఐకి వెళ్లిన నలుగురిలో ఇద్దరికి డిప్లొమా సీటు వచ్చేదే. ఇంట్లో త్వరగా సంపాదన కావాలి కాబట్టి వాళ్లే ఆలోచించుకుని ఫిట్టర్ ట్రేడ్ తీసుకున్నారు. రెండేళ్ల తర్వాత ఎల్‌పీసెట్ దారి ఉందని తెలిసి తీసుకున్న నిర్ణయం అది. దాన్ని నేను వైఫల్యంగా లెక్కించను. ఇంత చిన్న సంఖ్యతో ఏదీ రుజువు కాదన్న ఎరుక నాకుంది. కాని ఆ తొమ్మిది మంది టేపర్ లెక్క దగ్గర ఆగలేదు. డ్రాయింగ్ మొదటి షీటు చూసి ఎవరూ కంగారుపడలేదు.

అయినా ఒకరిని పోగొట్టుకున్నాం. మూడు శనివారాలు పలకతో కుస్తీపట్టాడని చెప్పిన అబ్బాయే అతను. నవంబరులో తరగతికి రావడం మానేశాడు. హాజరు పట్టికలో వరుసగా గైర్హాజరు పడుతున్నా మేం పట్టించుకునేసరికి నాలుగు వారాలు దాటాయి. వాళ్ల నాన్న కాలు విరిగి మంచం పట్టాడని, అబ్బాయి ఒక గోదాములో పనికి కుదిరాడని తెలిసే నాటికి హాజరు తిరిగి పూడ్చుకోలేనంతగా పడిపోయింది. ఈ సంగతి గణితం మేడమ్‌తో చెప్పినప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాళ్లమ్మ రోజూ మా బడి ముందు నుంచే పోతది సార్. నాకు మొదటి రోజే ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది" అన్నారు. వాడిని తొమ్మిదో తరగతి నుంచి ఎరిగిన మనిషి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నా, పిల్లవాడు మా దగ్గర చేరిపోయాడు కాబట్టి బడి పని అయిపోయిందనుకున్నాం. మేం కట్టిన సంబంధం అడ్మిషన్ రోజుతో ఆగిపోయింది. ఈ మూడేళ్లలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన తప్పు ఇదే.

మూడో సంవత్సరం నుంచి మొదటి సెమిస్టర్‌లో ఏ పిల్లవాడైనా మూడు రోజులు వరుసగా రాకపోతే అదే సాయంత్రం బడికి ఫోన్ వెళ్తుంది. ఇంటికి వెళ్లేది బడి ఉపాధ్యాయులు, కాలేజీలో ఏం వెసులుబాటు ఇవ్వగలమో చూసేది మేం. ఆ ఏడాది ఐదుసార్లు ఫోన్ చేయవలసి వచ్చింది, ఐదుగురూ తిరిగి వచ్చారు. అలాగే పదో తరగతిలో మాత్రమే కాక తొమ్మిదో తరగతి నుంచే శనివారాలు మొదలుపెట్టాం. పదో తరగతి రెండో సగం పరీక్షల ఒత్తిడితో నిండిపోతుంది, ఆ సమయంలో ఆకురాయి పట్టించడం పిల్లలకు అన్యాయమని మేడమ్ మొదటినుంచీ అంటూనే ఉన్నారు.

తేలనివి

ఇందులో చాలా భాగం వ్యక్తుల మీద ఆధారపడి ఉంది. ప్రధానోపాధ్యాయుడికి బదిలీ అయినప్పుడు రెండు నెలలు పని ఆగింది, కొత్తవారికి మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. బడుల్లో తొమ్మిది, పది తరగతులకు ఇప్పటికే నడుస్తున్న ఒకేషనల్ ట్రేడ్‌లకూ, దగ్గర్లోని పాలిటెక్నిక్‌లో ఉన్న బ్రాంచీలకూ పొంతన చూసుకుంటే ఇలాంటి పని వ్యక్తుల చేతుల్లోంచి వ్యవస్థ చేతుల్లోకి వస్తుందని నా అభిప్రాయం. పక్కనే ఎలక్ట్రానిక్స్ చెప్పే కాలేజీ ఉన్న బడిలో ఎలక్ట్రానిక్స్ ట్రేడ్ పెట్టడానికి కొత్త భవనం ఏమీ అక్కర్లేదు.

క్రెడిట్ సంగతి ఇంకా తేలలేదు. 2020 జాతీయ విద్యా విధానం ఒకేషనల్ విద్యను ప్రధాన స్రవంతిలో కలపమంది. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం బడి చదువునూ పైచదువునూ నైపుణ్య శిక్షణనూ ఒకే లెక్కలోకి తెచ్చే వీలు కల్పించింది. మా శనివారాలకు మాత్రం ఇప్పటికి ఒక్క మార్కు విలువ కూడా లేదు. ఆరు మిల్లీమీటర్ల మందం పలకను చదునుగా అరగదీసి వచ్చిన పిల్లవాడు డిప్లొమా మొదటి సెమిస్టర్ వర్క్‌షాప్‌లో మళ్లీ అదే పలకతో మొదలుపెడతాడు. కనీసం ఆ గంటలను ఫిట్టింగ్ విభాగం ప్రాక్టికల్స్ కింద లెక్కించాలని, ఆ సమయాన్ని ఆ పిల్లలకు డ్రాయింగ్‌లో అదనపు సాధనకు ఇవ్వాలని కోరుతూ మేం ఒక నివేదిక తయారుచేసి పైకి పంపాం. దానికి సాక్ష్యంగా ప్రతి విద్యార్థి చేతిరాతతో ఒక లాగ్‌బుక్ జతచేశాం. తేదీ, వాడిన పనిముట్లు, కావలసిన కొలత, వచ్చిన కొలత, రెండింటి తేడా, ఆ తేడాకు విద్యార్థి తనే రాసుకున్న కారణం అందులో ఉంటాయి. సూత్‌ల అమ్మాయి లాగ్‌బుక్‌లో రెండో శనివారం కింద 9.525, 9.50 అన్న రెండు అంకెలు, వాటి ఎదురుగా కారణం గడిలో "రెండు కారణాలు" అన్న మాట, కింద రెండు వాక్యాల వివరణ ఉన్నాయి. ఆ అమ్మాయి ఇప్పుడు డిప్లొమా రెండో సంవత్సరంలో ఉంది. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకు వెర్నియర్ పట్టుకోవడం నేర్పే శనివారాలు తనే వచ్చి చూసుకుంటోంది.